తుపాకీ చవక, నేల ఖరీదు: అమెరికాలో సామాన్యుడి వేట వెనుక లెక్కలు

శరదృతువు మొదలైతే అమెరికా పల్లెల్లో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. పెట్రోలు బంకు దగ్గర పాత పికప్ ట్రక్కు ఆగి ఉంటుంది. వెనుక తొట్టిలో చచ్చిన జింక, దాని కొమ్ముకో కాలికో గట్టిగా కట్టిన కాగితం ముక్క. నారింజ రంగు కోటు వేసుకున్న మనిషి పక్కన నిలబడి కాఫీ తాగుతుంటాడు. మోటారు మెకానిక్కో, బడి బస్సు డ్రైవరో అయి ఉంటాడు. అక్కడ కొత్తగా స్థిరపడిన తెలుగువాళ్లు ఇది చూసి తికమక పడతారు. వేట అంటే మనకు గుర్తొచ్చేది జమీందార్లు, దొరలు. పైగా మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నేరంగా ప్రకటించింది. మరి అక్కడ నెల జీతం మీద బతికే మనిషి జింకను కొట్టి, దర్జాగా ఊరి మధ్య నుంచి ఎలా తీసుకెళ్తున్నాడు? దానికి ఎంత ఖర్చవుతుంది? ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

జవాబులో సగం ఆ కాగితం ముక్కలోనే ఉంది. మిగతా సగం ఆ మనిషి జింకను ఎవరి నేల మీద కొట్టాడన్న దాంట్లో ఉంది. తుపాకీ ధర గురించి అందరూ మాట్లాడుకుంటారు కానీ, వేట ఎవరికి అందుబాటులో ఉంటుందో తేల్చేది చాలావరకు నేలే.

అడవిలో జింక ఎవరి సొత్తు?

ఇంగ్లండులో వేట వందల ఏళ్లపాటు భూస్వాముల హక్కు. 1671లో చేసిన చట్టం ప్రకారం, ఏడాదికి కనీసం 100 పౌండ్ల రాబడి తెచ్చే సొంత భూమి ఉన్నవాళ్లకే ప్రధానంగా వేటాడే అర్హత. ఆస్తిని బట్టి పెట్టిన ఆ అర్హత 1831 దాకా సాగింది. కడుపు మాడి కుందేలును పట్టిన కూలివాడు చట్టం దృష్టిలో దొంగ.

అమెరికాలో న్యాయస్థానాలు వేరే దారి పట్టాయి. అడవి జంతువు ఏ ఒక్కరి ఆస్తీ కాదు, ప్రజలందరి తరఫున రాష్ట్రం దాన్ని కాపాడుతుంది అన్న సూత్రం అక్కడ 19వ శతాబ్దంలో పాతుకుపోయింది. అందువల్ల ఒక రైతు వెయ్యి ఎకరాలకు యజమాని అయినా, ఆ పొలంలో మేస్తున్న జింకకు యజమాని కాడు. తన పొలంలోకి ఎవరినీ రానివ్వకుండా ఆపగలడు, అంతవరకే. జింకను కొట్టాలంటే ఆయన కూడా రాష్ట్రం పెట్టిన గడువుకూ పరిమితికీ లోబడాల్సిందే. ఈ వ్యాసంలో ముందుకొచ్చే చిక్కులన్నీ ఇక్కడే పుట్టాయి: జంతువు అందరిదీ, అది నిలబడ్డ నేల మాత్రం ఒకరిది.

అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోయిన కాలమూ ఉంది. 19వ శతాబ్దంలో మాంసం అమ్ముకునే వేటగాళ్లు రైలు పెట్టెలు నింపి పక్షులను నగరాలకు పంపారు. ఆకాశాన్ని కమ్మేసేంత పెద్ద గుంపులుగా ఎగిరిన ప్యాసింజర్ పావురం జాతిలో చివరిది, మార్తా అని పేరు పెట్టిన ఆడ పావురం, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చనిపోయింది. తెల్లతోక జింకలు 1900 నాటికి దేశమంతటా ఐదు లక్షలకు మించి లేవని అంచనా. ఆ దెబ్బతోనే చట్టాలు బిగిశాయి. అక్రమంగా కొట్టిన జంతువులను రాష్ట్రాల సరిహద్దులు దాటించి అమ్మడాన్ని 1900లో లేసీ చట్టం నేరం చేసింది. వేటాడిన అడవి జింక మాంసాన్ని అమ్మడానికి ఇప్పటికీ వీల్లేదు. హోటళ్లలో వడ్డించేది చాలావరకు పెంపకం జింకల మాంసమే. అంటే బంకు దగ్గర కనిపించిన మనిషి ఆ మాంసాన్ని వండుకోవచ్చు, పంచిపెట్టొచ్చు, ఒక్క డాలరుకు కూడా అమ్మకూడదు.

లైసెన్సు, ట్యాగు, స్టాంపు

కొత్తవాళ్లు ఎక్కువగా కలగాపులగం చేసుకునేవి ఈ మూడు మాటలే.

లైసెన్సు అంటే ఆ ఏడాది ఆ రాష్ట్రంలో వేటాడే అనుమతి. ట్యాగు అంటే ఫలానా జాతికి చెందిన ఒక్క జంతువు లెక్క. జంతువు పడగానే ట్యాగు మీద తేదీ వేసి దానికి కట్టాలి, ఆ ట్యాగు అక్కడితో చెల్లిపోయినట్టు. ట్రక్కులో జింకకు వేలాడుతున్న కాగితం అదే. కాగితానికి బదులు ఫోనులో నమోదు చేసే పద్ధతీ చాలా రాష్ట్రాల్లో వచ్చింది. ఇక స్టాంపు అంటే ప్రత్యేకమైన పక్షులకో, విల్లుతో వేటాడే సీజనుకో లైసెన్సు పైన చేరే అదనపు రుసుము. వీటిలో పేరున్నది కేంద్ర ప్రభుత్వపు బాతు స్టాంపు. 1934లో ఒక డాలరుతో మొదలైంది, ప్రస్తుతం 25 డాలర్లు. 16 ఏళ్లు నిండినవాళ్లు బాతులు, హంసజాతి పక్షులు వేటాడాలంటే అది తప్పనిసరి. అందులో ప్రతి డాలరులో 98 సెంట్లు తడి నేలల కొనుగోలుకూ సంరక్షణకూ పోతాయి. నాకు ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే నచ్చినది ఈ స్టాంపే. కట్టిన డబ్బు ఏ నేలగా మారిందో వెళ్లి కళ్లారా చూడొచ్చు.

టెక్సస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ స్థానికుడికి వేట లైసెన్సు 25 డాలర్లు. జింక ట్యాగులు దానితోపాటే వస్తాయి. గువ్వల వేటకు వెళ్లాలంటే మరో 7 డాలర్ల స్టాంపు. ప్రభుత్వం వేటకు తెరిచిన భూముల్లోకి వెళ్లే వార్షిక పర్మిట్ 48 డాలర్లు. పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్ (భారీ జింక జాతి) వంటి పెద్ద జంతువుల దగ్గరికొస్తే కథ మారుతుంది. ట్యాగులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. చాలా రాష్ట్రాల్లో, రాని ఏడాది ఒక పాయింటు జమవుతుంది. పాయింట్లు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. కొన్ని ట్యాగుల కోసం పదేళ్లకు పైగా ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

వీటన్నిటికీ ముందు శిక్షణ ఉంటుంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు వేటగాళ్ల భద్రతా కోర్సు తప్పనిసరి. మిగతా రాష్ట్రాల్లోనూ ఇటువంటి నిబంధనే వేర్వేరు తేదీలతో ఉంది.

వీసా మీద ఉన్నవాళ్ల సందేహం ఇంకొకటి. తాత్కాలిక వీసాతో ఉన్న విదేశీయుడు తుపాకీ కలిగి ఉండటాన్ని కేంద్ర చట్టం మామూలుగా నిషేధిస్తుంది. అందులోనే ఒక మినహాయింపు ఉంది: ఏదైనా రాష్ట్రం సక్రమంగా జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. అయితే కేంద్రం వదిలిన చోట రాష్ట్రం పట్టుకోవచ్చు, తుపాకుల విషయంలో రాష్ట్రాల చట్టాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. లైసెన్సు గడువు ముగిసిన మర్నాడు ఆ మినహాయింపు కూడా ఉండదు. ఇంత సున్నితమైన విషయంలో స్నేహితుల మాట మీద ఆధారపడి ఇరుక్కున్నవాళ్లను తలచుకుంటే బాధ కలుగుతుంది.

గీత దాటితే ధర మారుతుంది

అదే టెక్సస్‌లో బయటి రాష్ట్రంవాడికి సాధారణ వేట లైసెన్సు 315 డాలర్లు. స్థానికుడి ధరకు పన్నెండు రెట్ల పైమాటే. ఇది అన్యాయమని మోంటానా రాష్ట్రం మీద కొందరు వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎల్క్ వేటకు స్థానికుడి లైసెన్సు 9 డాలర్లు ఉండగా, బయటివాడు ఇతర జంతువుల లైసెన్సులతో కలిపిన కట్టనే 225 డాలర్లు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చిన రోజులవి. 1978లో తీర్పు రాష్ట్రానికే అనుకూలంగా వచ్చింది. సరదా కోసం చేసే వేట జీవనోపాధిలాంటి మౌలిక హక్కు కాదనీ, ఆ జంతువులను ఏడాది పొడవునా పోషిస్తున్న స్థానికులకు తక్కువ ధర పెట్టుకోవచ్చనీ న్యాయమూర్తులు అన్నారు.

బయటివాళ్ల వాదనలోనూ బలముంది. ఆ ఎల్క్ మేసే అడవుల్లో చాలా భాగం కేంద్రానిది, దాని నిర్వహణకు దేశమంతా పన్ను కడుతోంది. రాష్ట్రాల వైపు నుంచి చూస్తే, బయటివాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేయబట్టే స్థానికుడికి 25 డాలర్ల లైసెన్సు సాధ్యమవుతోంది. చేతిలో డబ్బు తక్కువున్న మనిషికి దీని ఫలితం ఒకటే, సొంత రాష్ట్రం దాటకపోవడం.

సామాన్లలో ఏది అవసరం, ఏది మోజు

వేట సామాన్ల దుకాణంలో అడుగుపెడితే వేలల్లో ఖర్చు చేయించే సరుకు ఉంటుంది. అందులో వేటకు నిజంగా కావలసింది కొంచెమే. వాడిన తుపాకీలకు పెద్ద మార్కెట్టు ఉంది. సరిగ్గా చూసుకున్న రైఫిల్ రెండు తరాలు పనిచేస్తుంది.

ఆకుల బొమ్మలున్న ఖరీదైన దుస్తుల సంగతి చూడండి. జింక కంటిలో రంగును పట్టే కణాలు రెండు రకాలే. మనకు మండిపోతున్నట్టు కనిపించే నారింజ రంగు దానికి వెలిసిపోయిన మట్టిరంగులా ఉంటుంది. అందుకే తోటి వేటగాళ్లకు కనిపించడానికి చాలా రాష్ట్రాలు తప్పనిసరి చేసిన నారింజ కోటు జింకను బెదరగొట్టదు. జింక మనిషిని పసిగట్టేది కదలిక వల్ల, అంతకంటే ఎక్కువగా వాసన వల్ల. గాలికి ఎదురుగా కూర్చోవడానికి పైసా ఖర్చు లేదు.

తూటా దగ్గర మాత్రం పొదుపుకూ పర్యావరణానికీ పేచీ వస్తుంది. సీసం చవక. అయితే చెదిరిన సీసపు తునకలు తిని బాతులు, గద్దలు చనిపోతున్నాయని తేలాక, నీటి పక్షుల వేటలో సీసాన్ని 1991 నుంచి దేశమంతటా నిషేధించారు. కాలిఫోర్నియా 2019 జులై నుంచి అన్ని రకాల వేటకూ సీసం వద్దంది. అక్కడి కాండర్ రాబందులకు సీసం విషమే పెద్ద గండం. బదులుగా వచ్చిన రాగి తూటాలు సాధారణంగా ఎక్కువ ధర పలుకుతాయి. ఇది పేద వేటగాడి మీద పడ్డ భారమని కొందరు అంటారు. జింకకు ఏడాదిలో ఖర్చయ్యేది నాలుగైదు తూటాలే కదా అని మరికొందరి లెక్క. రెండూ నిజమే. గురి సాధనకు పెట్టెలు పెట్టెలు కాల్చేవాడికి తేడా తెలుస్తుంది, సీజనుకు రెండుసార్లు పేల్చేవాడికి తెలియదు.

మాంసం గిట్టుబాటవుతుందా? నాలుగేళ్ల లెక్క

"ఫ్రీజరు నిండా మాంసం ఉచితం" అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. లైసెన్సు, పర్మిట్ ధరలు టెక్సస్‌వి. మిగతావి ఉదాహరణకు వేసుకున్న అంకెలు.

మొదటి ఏడాది వాడిన రైఫిల్ 400, తూటాలు 60, నారింజ కోటు, టోపీ 25, కత్తి, మాంసం సంచులు 40, లైసెన్సు, పర్మిట్ కలిపి 73, నాలుగు ప్రయాణాలకు పెట్రోలు 160 డాలర్లు. మొత్తం 758. రెండో ఏడాది నుంచి తూటాలు 30, కాగితాలు 73, పెట్రోలు 160, అంటే 263 డాలర్లు చాలు.

ఒక జింకకు ఎముకలు తీసేసిన మాంసం 40 పౌన్లు వచ్చిందనుకుందాం. మొదటి ఏడాదే జింక పడితే పౌను దాదాపు 19 డాలర్లు. రెండో ఏడాది కూడా పడితే ఆ ఏటి మాంసం పౌను ఆరున్నర డాలర్లు. ఇంతవరకు అందరూ చెప్పే లెక్కే. అయితే ప్రభుత్వ భూముల్లో ప్రతి ఏడాదీ జింక దొరకదు. నాలుగేళ్లలో రెండుసార్లే పడిందనుకుంటే మొత్తం ఖర్చు 1,547 డాలర్లు, మాంసం 80 పౌన్లు. పౌను 19 డాలర్ల పైచిలుకు. కోతకు కసాయి దుకాణంలో ఇస్తే ఆ రుసుము వేరే.

ఇదే మొత్తాన్ని ఇంకోలా భాగించండి. నాలుగేళ్లలో పదహారు రోజులు అడవిలో గడిస్తే రోజుకు 97 డాలర్లు పడింది. అందువల్ల మాంసం కోసమే అయితే వేట చవక కాదు. అడవిలో గడిపే రోజు కోసం అయితే, మాంసం అదనంగా వస్తే, మోయదగిన ఖర్చే. చాలా వాదనలు ఈ రెండు లెక్కలనూ కలిపేయడం వల్లే తెగకుండా సాగుతాయి.

మాంసానికి సంబంధించి మరో చిక్కు, జింకల్లో వ్యాపిస్తున్న శుష్క వ్యాధి. 1967లో కొలరాడోలో మొదట కనిపెట్టిన ఈ జబ్బు మెదడును తినేస్తుంది. మనుషులకు సోకినట్టు నిర్ధారణ కాలేదు. అయినా పరీక్షలో జబ్బు తేలిన జంతువును తినవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. అప్పుడు ఆ ఏటి 40 పౌన్లూ సున్నా.

చిన్న వేట: డబ్బుకు బదులు కాలం

అతి తక్కువ ఖర్చు అనగానే పాత వేటగాళ్లు జింక మాట ఎత్తరు. ఉడుత, కుందేలు అంటారు. ట్యాగు అక్కర్లేదు, లాటరీ లేదు, సీజను నెలల తరబడి ఉంటుంది. చిన్న రైఫిల్ తూటా ఖరీదు సెంట్లలో ఉంటుంది.

పని మాత్రం తేలిక కాదు. తెల్లవారకముందే ఓక్ చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చోవాలి. మనిషి అలికిడికి అడవి మూగబోతుంది. పది నిమిషాలకు ఒక పిట్ట పలుకుతుంది. ఇరవై నిమిషాలకు ఎండుటాకుల మీద టపటపమని ఓక్ కాయ పెంకులు రాలడం మొదలవుతుంది, పైన ఎవరో కూర్చుని కొరుకుతున్నారు. తల ఎత్తితే ఉడుత కొమ్మ అవతలి వైపుకు తిరిగిపోతుంది. మనం చెట్టు చుట్టూ తిరిగితే అదీ తిరుగుతుంది. ఒక గులకరాయిని అవతలి పక్కకు విసిరితే బెదిరి ఇటు వస్తుంది. అప్పుడు దొరికే సమయం రెండు మూడు సెకన్లు. ఈ విద్యను ఏ దుకాణమూ అమ్మదు.

వేటగాడి డాలరు ఎవరిని పోషిస్తోంది?

"వన్యప్రాణుల సంరక్షణకు డబ్బు కడుతున్నది మేమే" అని వేటగాళ్లు గట్టిగా చెబుతారు. దీనికి ఆధారం 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం. రైఫిళ్లు, షాట్‌గన్‌లు, తూటాల మీద తయారీదారు 11 శాతం, చేతి తుపాకీల మీద 10 శాతం ఎక్సైజ్ పన్ను కడతాడు. అది ధరలో కలిసి కొనేవాడి మీద పడుతుంది. ఆ డబ్బును కేంద్రం రాష్ట్రాలకు పంచుతుంది. సంరక్షణ పనికి రాష్ట్రం 100 డాలర్లు ఖర్చు చేస్తే 75 దాకా కేంద్రం ఇస్తుంది. వాటా తేల్చేటప్పుడు రాష్ట్ర విస్తీర్ణంతోపాటు డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ల సంఖ్యనూ చూస్తారు. లైసెన్సు రుసుమును వేరే పనులకు మళ్లించిన రాష్ట్రానికి ఈ నిధులు ఆగిపోతాయి. కాబట్టి ఏడాదంతా ఒక్క జింకనూ కొట్టలేకపోయినవాడి 25 డాలర్లు కూడా మరికొంత డబ్బును వెంట తెస్తాయి. ఈ రోజు దేశంలో తెల్లతోక జింకలు మూడు కోట్ల దాకా ఉన్నాయని అంచనా.

విమర్శకులు మూడు మాటలంటారు. ఒకటి, ఆ పన్నులో పెద్ద భాగం కడుతున్నది ఆత్మరక్షణకో గురి సాధనకో తుపాకీ కొన్నవాళ్లు, వాళ్లలో చాలామంది వేటకే వెళ్లరు. రెండు, డబ్బు వేటగాడి నుంచి వస్తే శాఖల చూపు జింకలు, బాతులు, టర్కీల మీదే ఉంటుంది, కప్పలకూ సీతాకోకచిలుకలకూ మిగిలేది తక్కువ. మూడోది డబ్బుతో తీరేది కాదు: బతకడానికి అవసరం లేనప్పుడు సరదా కోసం ప్రాణం తీయడం తప్పని వాళ్ల నమ్మకం. తోడేళ్లు పోయిన చోట జింకలు పెరిగిపోయి అడవి మొలకలను తినేస్తాయనీ, వాహనాల కింద పడి చస్తాయనీ వేటగాళ్లు బదులిస్తారు. ఆ తోడేళ్లను తుడిచిపెట్టిందీ మనుషులే కదా అని ఎదురు ప్రశ్న వస్తుంది.

మొదటి రెండు విమర్శల్లో బలముందని నా అభిప్రాయం. వేటగాళ్లే అంతా కడుతున్నారనడం అతిశయోక్తి. వాళ్ల డబ్బు లేకపోతే రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు కుంటుపడతాయన్నది మాత్రం కాదనలేని సంగతి. 2022 జాతీయ సర్వే ప్రకారం 16 ఏళ్లు దాటిన వేటగాళ్లు 1.44 కోట్లు. జనాభాలో చిన్న భాగం. అందులో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు కావడం ఆ శాఖలను కలవరపెడుతోంది.

నేల దగ్గరికొచ్చాక

టెక్సస్ నేలలో దాదాపు 95 శాతం ప్రైవేటుది. అందుకే అక్కడ పొలాన్ని సీజనుకు కౌలుకు తీసుకుని వేటాడటం మామూలు. ఆ కౌలు పైన చెప్పిన నాలుగేళ్ల ఖర్చును ఒక్క ఏడాదిలో మింగేయగలదు. అది భరించలేనివాడికి 48 డాలర్ల పర్మిట్‌తో దొరికేది రాష్ట్రమంతటా చెల్లాచెదురుగా ఉన్న సుమారు పది లక్షల ఎకరాలు. పశ్చిమాన పరిస్థితి తిరగబడుతుంది. దేశం మొత్తమ్మీద కేంద్ర ప్రభుత్వపు అటవీ సేవా సంస్థ చేతిలో 19.3 కోట్ల ఎకరాలు, భూ నిర్వహణ సంస్థ చేతిలో 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ఎక్కువ భాగం పశ్చిమ రాష్ట్రాల్లోనే. చాలావరకు ఎవరైనా వెళ్లి వేటాడొచ్చు, ప్రవేశ రుసుము లేదు.

ఉన్న నేలను చేరుకోవడం మరో సమస్య. 19వ శతాబ్దంలో రైలు కంపెనీలకు ప్రభుత్వం చదరంగపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి భూములిచ్చింది. నల్ల గళ్లు ప్రైవేటువి, తెల్ల గళ్లు ప్రజలవి అనుకోండి. తెల్ల గడి నుంచి తెల్ల గడికి వెళ్లాలంటే మూల దగ్గర అడుగు వేయాలి. ఆ మూల ఒక బిందువు. మనిషి భుజాలు ఎంత దగ్గరకు ముడుచుకున్నా, ఒక క్షణం ప్రైవేటు భూమి పైనున్న గాలిలోంచి సాగక తప్పదు. ఇది అతిక్రమణేనా? ఇలా మూలల వెనుక చిక్కుకుపోయిన ప్రజల భూమి పశ్చిమ రాష్ట్రాల్లో 83 లక్షల ఎకరాలని పటాలు తయారుచేసే ఒక సంస్థ లెక్కగట్టింది.

2021లో మిస్సోరీకి చెందిన నలుగురు వేటగాళ్లు వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గరికి ఒక ఇనుప నిచ్చెన పట్టుకెళ్లారు. సర్వేవాళ్లు మూలలో పాతిన గుర్తుకు అటూ ఇటూ దాని కాళ్లు పెట్టి, ఒక ప్రజా గడి నుంచి ఎక్కి మరో ప్రజా గడిలోకి దిగారు. ప్రైవేటు నేలను తాకలేదు. భూయజమాని క్రిమినల్ కేసుతో ఆగలేదు, సివిల్ దావా కూడా వేశాడు. భూమి విలువ పడిపోయిందంటూ లక్షల డాలర్ల నష్టపరిహారం లెక్క చూపాడు. క్రిమినల్ కేసులో జ్యూరీ నలుగురినీ నిర్దోషులుగా తేల్చింది. సివిల్ దావాలో 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే కేంద్ర కోర్టు), ప్రజల భూమికి దారి మూసేయకూడదన్న 1885 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని వేటగాళ్ల పక్షాన నిలిచింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోనంది.

ఆ తీర్పు పదో సర్క్యూట్ పరిధిలోని ఆరు రాష్ట్రాలకే కట్టుబాటు: వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సస్, ఓక్లహోమా. పొరుగున ఉన్న మోంటానా వేరే సర్క్యూట్ కిందికి వస్తుంది. అక్కడ ఇలాంటి గళ్ల నేల మీద, ఇలాంటి గుర్తు పక్కన, ట్యాగు కొనుక్కున్న స్థానికుడు నిచ్చెనతో నిలబడితే, కాలు ఎత్తవచ్చో లేదో చెప్పే తీర్పు ఇంకా రాలేదు.